ప్రెసిడెంట్‌నే అడవిలో మూడు రాత్రులు పడుకోబెట్టాడు.. కానీ ఆ ఒక్క లోయని కాపాడలేకపోయాడు! జాన్ మ్యూర్ కథ ఇదీ

అది 1903 మే నెల. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, యోసెమిటీ కొండలు. కింద లోయలో ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ కోసం పెద్ద విందు ఏర్పాట్లు జరుగుతున్నాయి. అధికారులంతా హడావిడిగా తిరుగుతున్నారు. ఆ ప్రెసిడెంట్ మాత్రం కొండపైన అడవిలో, నేల మీద కంబళ్లు పరుచుకుని పడుకున్నాడు. తెల్లారి కళ్లు తెరిచేసరికి కప్పుకున్న కంబళ్ల మీద మంచు పేరుకుని ఉంది. పక్కనే ఇంకో పెద్దాయన. బక్కపలచటి మనిషి, పొడుగాటి నెరిసిన గడ్డం, వయసు 65. ప్రభుత్వంలో ఏ పదవీ లేదు. కాలేజీలో చేరాడు గానీ డిగ్రీ పూర్తి చేయలేదు. ఒకప్పుడు ఇవే కొండల్లో కూలికి గొర్రెలు కాశాడు.

ఆయనే జాన్ మ్యూర్. అమెరికాలో నేషనల్ పార్కులంటే మొదట గుర్తొచ్చే పేరు. యోసెమిటీకి క్యాంపింగ్‌కి వెళ్లే తెలుగు కుటుంబాలు బే ఏరియాలో చాలానే ఉన్నాయి. అక్కడ క్యాంప్ సైట్ దొరకడం అంత ఈజీ కాదు. మన తిరుమల మూడు వందల రూపాయల దర్శనం టికెట్ల లాగే ఆన్‌లైన్‌లో అలా రిలీజ్ అవుతాయి, ఇలా అయిపోతాయి. అలా కష్టపడి బుక్ చేసుకుని వెళ్లే ఆ అడవి వెనక ఈ పెద్దాయన కథ ఉంది. అందులో గెలుపు ఎంత పెద్దదో ఓటమి కూడా అంతే పెద్దది.

బావిలో చావు అంచుదాకా..

జాన్ మ్యూర్ పుట్టింది అమెరికాలో కాదు. స్కాట్లాండ్‌లోని డన్‌బార్ అనే సముద్రపు ఊరు. 1838 ఏప్రిల్ 21న పుట్టాడు. ఎనిమిది మంది పిల్లల్లో మూడోవాడు. తండ్రి డేనియల్ మ్యూర్ పరమ దైవభక్తుడు, అంతకు మించిన కఠినాత్ముడు. పిల్లాడితో బైబిల్ బట్టీ పట్టించాడు. తప్పితే దెబ్బలు. కొత్త నిబంధన మొత్తం, పాత నిబంధనలో చాలా భాగం అలా కంఠస్థం అయిపోయాయి.

1849లో, మ్యూర్‌కి 11 ఏళ్లప్పుడు, కుటుంబం ఓడెక్కి అమెరికా చేరింది. విస్కాన్సిన్‌లో అడవి కొట్టి పొలం చేశారు. పొద్దున లేస్తే పని, రాత్రి దాకా పని. రెండో పొలంలో నీళ్లు పడలేదు. బావి తవ్వే డ్యూటీ ఈ కుర్రాడిదే. పైన పది అడుగులే మట్టి. ఆ కిందంతా ఇసుకరాయి. రోజూ పొద్దున్నే బొక్కెనలో కూర్చోబెట్టి కిందికి దించేవాళ్లు. ఉలీ సుత్తీ పట్టుకుని ఒక్కడే రాయి చెక్కుతూ కూర్చునేవాడు. మధ్యాహ్నం భోజనానికి పైకి లాగి, మళ్లీ దించేవాళ్లు. నెలల తరబడి ఇదే పని.

దాదాపు 80 అడుగుల లోతుకి వెళ్లాక ఒక రోజు కింద విషవాయువు పేరుకుంది. బావిలో దిగి ఊపిరాడక చనిపోయారన్న వార్తలు మన దగ్గరా ఏటా వింటూనే ఉంటాం. మ్యూర్ కూడా అలాగే సొమ్మసిల్లిపోయాడు. చప్పుడు వినిపించకపోవడంతో తండ్రి పైనుంచి గట్టిగా అరిచాడు. ఆ అరుపుకి కాస్త తెలివొచ్చి ఎలాగో బొక్కెనలోకి చేరాడు. పైకి లాగారు. బతికాడు. ఒకటి రెండు రోజుల రెస్ట్ తర్వాత తండ్రి మళ్లీ అదే బావిలోకి దించాడు. 90 అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి. ఆ తండ్రి మాత్రం ఒక్కరోజు కూడా ఆ బావిలోకి దిగలేదు.

చదువుకోవడానికి టైమ్ లేదు. పెందలాడే లేస్తే చదువుకోవచ్చని తండ్రి ఒక మాట అనేశాడు. కుర్రాడు దాన్ని పట్టుకుని చలికాలంలో రాత్రి ఒంటిగంటకే లేవడం మొదలుపెట్టాడు. చలి మంట వేస్తే కట్టెలు దండగ అని తిడతారని, నేలమాళిగలో చేరి చెక్కతో రకరకాల యంత్రాలు చేశాడు. చెక్క గడియారాలు, టైమ్ కాగానే మనిషిని కిందికి దొర్లించే మంచం.. ఇలాంటివి. 1860లో వాటిని మూటగట్టుకుని మాడిసన్‌లో జరిగిన స్టేట్ ఫెయిర్‌కి తీసుకెళితే జనం ఎగబడి చూశారు. అలా విస్కాన్సిన్ యూనివర్సిటీలో అడుగుపెట్టాడు. అక్కడే చెట్ల శాస్త్రం రుచి తగిలింది. 1863లో డిగ్రీ చేతికి రాకముందే బయటికొచ్చేశాడు.

ఆకురాయి జారిన క్షణం

మామూలుగా అయితే జాన్ మ్యూర్ ఓ పెద్ద ఫ్యాక్టరీ ఓనర్ అవ్వాలి. మెషీన్ల మీద అంత పట్టు ఉంది. ఇండియానాపోలిస్‌లో బండి చక్రాల భాగాలు చేసే ఫ్యాక్టరీలో చేరి కొన్నాళ్లకే యజమానులకి బాగా నచ్చేశాడు.

1867 మార్చి. ఒక సాయంత్రం మెషీన్ బెల్టు బిగించే పనిలో ఉన్నాడు. కుట్టు విప్పడానికి ఆకురాయి మొనని వాడుతున్నాడు. అది పట్టు జారి ఎగిరి సూటిగా కుడికంట్లో దిగింది. కంట్లో నీరు చేతిలోకి కారింది. చూస్తుండగానే ఆ కంటికి చీకటి కమ్మేసింది. కొన్ని గంటల్లో, దెబ్బ తగలని ఎడమకన్ను కూడా మసకబారి చూపు పోయింది. వయసు 28.

చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టారు. రెండు కళ్లకీ మెల్లగా చూపొచ్చింది. ఆ గదిలోంచి బయటికొచ్చిన మనిషి మళ్లీ ఫ్యాక్టరీ వైపు చూడలేదు. మిగిలిన చూపుని మెషీన్ల మీద పెట్టకూడదని డిసైడ్ అయిపోయాడు. ఆ సెప్టెంబర్‌లోనే కాలినడకన బయల్దేరాడు. కెంటకీ నుంచి ఫ్లోరిడా సముద్రతీరం దాకా.. దాదాపు వెయ్యి మైళ్లు. సవానా ఊళ్లో ఇంటి నుంచి రావాల్సిన డబ్బు ఆలస్యమైతే శ్మశానంలో చెట్ల కింద పడుకున్నాడు. ఫ్లోరిడా చేరాక మలేరియా పట్టుకుని మంచానపడ్డాడు. అక్కడి నుంచి క్యూబా, తర్వాత పనామా మీదుగా 1868 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓడ దిగాడు. ఊళ్లో ఆగలేదు. నడుచుకుంటూ యోసెమిటీ దారి పట్టాడు.

గొర్రెలతో వెళ్లి, గొర్రెలకే శత్రువై..

1869 వేసవి. ఒక గొర్రెల యజమాని దగ్గర పని దొరికింది. రెండు వేలకు పైగా ఉన్న మందని కొండల పైకి, టువాలమీ పచ్చిక మైదానాలకి తోలుకెళ్లాలి. పని ఉంది, తిండి ఉంది, కళ్ల ముందు సియెర్రా నెవాడా కొండలు. మ్యూర్ జీవితంలో అంత ఆనందంగా గడిపిన రోజులు లేవంటారు. కానీ మంద నడిచిన చోట ఏం మిగులుతోందో కూడా ఆ వేసవిలోనే దగ్గరగా చూశాడు. పచ్చిక ఉండదు, పువ్వు ఉండదు, మొలక ఉండదు. ఆ గొర్రెల్ని మిడతల దండుతో పోల్చాడు. తర్వాత ఇరవై ఏళ్లకి ఆయన పోరాడింది ముఖ్యంగా ఈ మందల మీదే. తను తోలిన మంద కూడా అందులో ఒకటేనన్నది నిజం.

తర్వాత లోయలోనే ఓ కట్టెల కోత మిల్లులో పనిచేశాడు. పడిపోయిన మానులే కోశాడు గానీ నిలబడ్డ చెట్టు జోలికి పోలేదు. వాగు పక్కన చిన్న గుడిసె వేసుకుని, వాగు నీటినే ఒక పాయగా గది మూలలోంచి పారేలా చేసుకున్నాడు. రాత్రిళ్లు ఆ చప్పుడు వింటూ పడుకోవడానికి!

యోసెమిటీ లోయ ఎలా పుట్టిందనే దాని మీద అప్పట్లో పెద్ద గొడవ. కాలిఫోర్నియా ప్రభుత్వ భూగర్భ శాస్త్రవేత్త జోసయా విట్నీ, నేల ఒక్కసారిగా కుంగిపోయి లోయ ఏర్పడిందని తేల్చేశాడు. కాదు, హిమానీనదాలు అంటే కదిలే మంచు నదులు వేల ఏళ్లు రాసుకుంటూ పోయి ఈ లోయని చెక్కాయని మ్యూర్ అన్నాడు. గొర్రెల కాపరికి ఏం తెలుసని విట్నీ తీసిపారేశాడు. మ్యూర్ 1871లో అదే కొండల్లో ఇంకా బతికి ఉన్న హిమానీనదాన్ని పట్టుకున్నాడు. లెక్కల్లో కొంత ఎక్కువ తక్కువ ఉన్నా, మొత్తం మీద కాపరి చెప్పిందే కరెక్ట్ అని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

అదే 1871లో అమెరికా మొత్తం గౌరవించే రచయిత రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ యోసెమిటీకి వచ్చాడు. రాత్రి సెకోయా చెట్ల కింద పడుకుందాం రమ్మని మ్యూర్ బతిమాలాడు. సెకోయా అంటే భూమ్మీదే అతి భారీ చెట్లు, వేల ఏళ్లు బతుకుతాయి. ఎమర్సన్‌కి అప్పటికి 67 ఏళ్లు. ఆయనతో వచ్చినవాళ్లు చల్లగాలి పడదని ఒప్పుకోలేదు. ఆయన్ని గదిలో పడుకోవడానికి తీసుకెళ్లిపోయారు. మ్యూర్ ఆ రాత్రి చెట్ల కింద ఒంటరిగా మంట వేసుకున్నాడు. ఆ నిరాశ ఆయన్ని చాలాకాలం వదల్లేదు.

1880లో లూయీ స్ట్రెంట్‌జెల్‌తో పెళ్లి. మార్టినెజ్ ఊళ్లో మామగారి పండ్ల తోటలు చూసుకున్నాడు. ద్రాక్ష, పియర్ అమ్మి బాగానే సంపాదించాడు. ఇద్దరు ఆడపిల్లలు, వాండా, హెలెన్. మధ్యలో అలాస్కా వెళ్లి అక్కడి మంచు కొండల్ని చూసొచ్చాడు. కానీ తోటపనిలో మనిషి నలిగిపోతున్నాడని ముందుగా గమనించింది భార్యే. తోట పోతే పోయింది, నువ్వు కొండలకి వెళ్లు, రాసుకో అని 1888లో ఆమే ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం లేకపోతే తర్వాత జరిగిందేదీ జరిగేది కాదేమో.

మంట దగ్గర పుట్టిన పార్కు

ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. యోసెమిటీ లోయని, మారిపోసా సెకోయా తోపుని 1864లోనే అబ్రహాం లింకన్ సంతకంతో కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించారు. జనం కోసం కాపాడాలన్నది షరతు. కానీ చుట్టూ ఉన్న కొండలు, నదులు పుట్టే చోట్లు ఎవరి కాపలా లేకుండా వదిలేశారు. లోయ లోపల కూడా కంచెలు, దున్నిన పొలాలు, పందుల దొడ్లు కనిపించేవి.

1889లో సెంచురీ మ్యాగజైన్ ఎడిటర్ రాబర్ట్ అండర్‌వుడ్ జాన్సన్‌ని మ్యూర్ టువాలమీ మైదానాలకి తీసుకెళ్లాడు. పూలు ఉండాల్సిన చోట బోడి నేల చూపించాడు. ఆ రాత్రి క్యాంప్ మంట దగ్గరే ఇద్దరూ ప్లాన్ వేశారు. మ్యూర్ రెండు వ్యాసాలు రాయాలి, జాన్సన్ వాషింగ్టన్‌లో నాయకుల్ని కలవాలి. 1890లో వ్యాసాలు వచ్చాయి. అదే ఏడాది అక్టోబర్ 1న లోయ చుట్టూ ఉన్న కొండ ప్రాంతం యోసెమిటీ నేషనల్ పార్కు అయింది. కాపలాకి అశ్వికదళం దిగింది. మందల్ని ఆపడానికి సైనికులు ఓ చిత్రమైన పద్ధతి పట్టారు. కాపరిని పార్కు ఈ చివర బయటికి పంపేవాళ్లు, గొర్రెల్ని ఆ చివర! వాటిని మళ్లీ ఒకచోట చేర్చుకునేసరికి సీజన్ అయిపోయేది. 1892లో మొదలైన సియెర్రా క్లబ్‌కి మ్యూర్ మొదటి అధ్యక్షుడు. చనిపోయేదాకా ఆయనే.

లోయ మాత్రం ఇంకా రాష్ట్రం చేతిలోనే ఉండిపోయింది. అందుకే 1903లో రూజ్‌వెల్ట్ కబురు పంపగానే మ్యూర్ ఎప్పట్నుంచో అనుకుంటున్న ప్రపంచ యాత్రని కూడా వాయిదా వేసుకున్నాడు. మొదటి రాత్రి మారిపోసా సెకోయాల కింద, రెండో రాత్రి గ్లేసియర్ పాయింట్ దగ్గర మంచులో, మూడో రాత్రి కింద లోయలో. ఎమర్సన్ చేయలేని పనిని ప్రెసిడెంట్ మూడు రాత్రులు చేశాడు. ఇద్దరికీ ప్రతిదాంట్లో కుదిరిందని కాదు. జంతువుల్ని వేటాడే ఈ చిన్నపిల్లల సరదా ఎప్పుడు మానతావని మ్యూర్ మొహం మీదే అడిగేశాడు. పక్షుల కూతల గురించి ఈయనకి పెద్దగా పట్టదేంటని రూజ్‌వెల్ట్‌ ఆశ్చర్యపోయాడు.

ఫలితం మూడేళ్లలో వచ్చింది. కాలిఫోర్నియా సెనేట్‌లో ఒకే ఒక్క ఓటు తేడాతో బిల్లు గట్టెక్కింది. రైల్వే కుబేరుడు ఎడ్వర్డ్ హారిమన్ తెర వెనక చక్రం తిప్పాడు. 1906 జూన్‌లో లోయ, సెకోయా తోపు నేషనల్ పార్కులో కలిసిపోయాయి. వాయిదా పడ్డ ప్రపంచ యాత్ర కూడా పూర్తయింది. అందులో భాగంగా మ్యూర్ ఇండియాకి వచ్చి హిమాలయాలు, సిమ్లా వైపు దేవదారు అడవులు చూసి వెళ్లాడు. 1905లో భార్య లూయీ చనిపోయింది.

ఖాళీ అనుకున్న లోయ ఖాళీది కాదు

మ్యూర్ రాతల్లో యోసెమిటీ మనిషి చెయ్యి తగలని దేవుడి గుడిలా కనిపిస్తుంది. కానీ అక్కడ తరతరాలుగా మనుషులున్నారు. అవానీచీ ప్రజలు. 1851లో బంగారం కోసం వచ్చిన తెల్లవాళ్ల సాయుధ దళం వాళ్ల ఊళ్లు తగలబెట్టి, నాయకుడు టెనాయాని, అతని జనాన్ని తరిమేసింది. మ్యూర్ మెచ్చుకున్న ఆ విశాలమైన పచ్చికలు చాలావరకు వాళ్లు ఏటా చిన్న చిన్న మంటలు పెట్టి కాపాడుకున్నవే. ఇది ఆయనకి తట్టలేదు. పైగా తొలినాటి రాతల్లో స్థానిక తెగల గురించి, నల్లజాతివాళ్ల గురించి కించపరిచే మాటలు రాశాడు. తర్వాత అలాస్కాలో వాళ్లతో కలిసి తిరిగాక చూపు కొంత మారింది గానీ రాసింది రాసినట్టే ఉంది. ఆయన పెట్టిన సియెర్రా క్లబ్బే 2020లో ఈ విషయాన్ని బయటికి ఒప్పుకుని క్షమాపణ చెప్పింది.

చివరి పోరాటం

యోసెమిటీ లోయకి ఉత్తరంగా, అదే పార్కులో ఇంకో లోయ ఉండేది. పేరు హెచ్‌హెచీ. అలాంటివే నిట్టనిలువు గ్రానైట్ కొండలు, జలపాతాలు, మధ్యలో పచ్చిక, టువాలమీ నది. యోసెమిటీకి తోబుట్టువు అని మ్యూర్ నమ్మకం.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరం కన్ను దాని మీద పడింది. అక్కడ డ్యామ్ కడితే మంచినీళ్లకి ఢోకా ఉండదు, కరెంటూ వస్తుంది. మొదట్లో కేంద్రం ఒప్పుకోలేదు. అంతలో 1906 ఏప్రిల్ 18న భూకంపం. దాని వెనకే మంటలు. నగరం కాలి బూడిదైంది. మంటలార్పడానికి నీళ్లు లేవన్న మాట దేశమంతా పాకింది. నిజానికి ఆ రోజు భూమిలో పైపులు పగలడమే అసలు కారణం. కానీ అలాంటి టైమ్‌లో నీళ్లు వద్దనే మనిషి మాట ఎవరు వింటారు? నగరానికి నీటి అవసరం ఉన్న మాట నిజం. వేరే నదులు ఉన్నాయి, పార్కులోనే ఎందుకు అన్నది మ్యూర్ వాదన. పార్కు భూమి అయితే కొనక్కర్లేదు. అదే అసలు సంగతి.

డ్యామ్ వైపు గట్టిగా నిలబడింది అటవీశాఖ అధిపతి గిఫర్డ్ పించాట్. ఒకప్పుడు ఇద్దరూ ఫ్రెండ్స్. 1896లో గ్రాండ్ కాన్యన్ దగ్గర కలిసి క్యాంప్ వేశారు. అక్కడ కనిపించిన పెద్ద సాలెపురుగుని కూడా మ్యూర్ చంపనివ్వలేదని పించాటే తర్వాత రాసుకున్నాడు. అడవిని జనం అవసరాలకి పద్ధతిగా వాడుకోవాలని ఆయన, కొన్ని చోట్లనైనా ముట్టుకోకూడదని ఈయన. 1908లో నగరానికి మొదటి అనుమతి వచ్చింది. అప్పుడు ప్రెసిడెంట్ ఎవరో కాదు.. మంచులో పక్కన పడుకున్న రూజ్‌వెల్టే.

డెబ్బై ఏళ్ల వయసులో మ్యూర్ ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. వ్యాసాలు రాశాడు. దేశమంతా మహిళా సంఘాలు, పత్రికలు కలిసొచ్చాయి. ఒక డ్యామ్ వద్దని అమెరికా మొత్తం మాట్లాడుకోవడం అంతకుముందు లేదు. అయినా 1913 డిసెంబర్ 6న సెనేట్‌లో 43-25 ఓట్లతో బిల్లు పాసైంది. 19న ప్రెసిడెంట్ వుడ్రో విల్సన్ సంతకం పెట్టాడు.

ప్రాజెక్టు కింద మునగడం అంటే ఏంటో శ్రీశైలం, పోలవరం ముంపు ఊళ్లవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మ్యూర్ ఆ మునక కళ్లారా చూడలేదు. బిల్లు పాసైన ఏడాదికే, 1914 డిసెంబర్ 24న, లాస్ ఏంజెలిస్ ఆస్పత్రిలో న్యుమోనియాతో కన్నుమూశాడు. 76 ఏళ్లు. కూతురు హెలెన్‌ని చూడ్డానికి వెళ్లి జబ్బుపడ్డాడు. అప్పటికి రాస్తున్న అలాస్కా పుస్తకం కాగితాలు ఆఖరిదాకా వెంటే ఉన్నాయి. మార్టినెజ్‌లో లూయీ పక్కనే సమాధి చేశారు.

ఇప్పుడు అక్కడ..

ఆయన పోయిన రెండేళ్లకి, 1916లో, పార్కుల్ని చూసుకోవడానికి నేషనల్ పార్క్ సర్వీస్ వచ్చింది. హెచ్‌హెచీ గొడవ తర్వాతే దాని కోసం పట్టుబట్టడం ఎక్కువైంది. ఈరోజు యోసెమిటీ మూడు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి. వందల సంఖ్యలో నల్ల ఎలుగులు ఉన్నాయి. 1990ల్లో తిండి వాసనకి వందల కార్ల తలుపులు, అద్దాలు పీకేశాయి. అందుకే ఇప్పుడు క్యాంప్ సైట్లలో ఇనప పెట్టెలు పెట్టారు. పులిహోర డబ్బా అయినా, టూత్‌పేస్ట్ అయినా రాత్రికి అందులోనే దాచాలి.

యోసెమిటీ లోయ నుంచి మొదలై దాదాపు 340 కిలోమీటర్లు సాగే కాలిబాటకి జాన్ మ్యూర్ ట్రెయిల్ అని పేరు. నడిచేవాళ్లకి సుమారు మూడు వారాలు పడుతుంది. ఇందులో ఓ తమాషా ఉంది. ఆ బాట చివర ఉన్న శిఖరం పేరు మౌంట్ విట్నీ. గొర్రెల కాపరికి ఏం తెలుసన్న ఆ జోసయా విట్నీ పేరే!

హెచ్‌హెచీ డ్యామ్ 1923లో పూర్తయింది. 1934లో నీళ్లు బే ఏరియాకి చేరాయి. ఇప్పుడు అక్కడ ఈత కొట్టనివ్వరు, పడవ వేయనివ్వరు. గట్టు మీద నడిచి చూసి రావచ్చు. ఆ నీళ్లు శాన్‌ఫ్రాన్సిస్కోతో పాటు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి పాతిక లక్షల మందికి పైగా తాగుతున్నారు. మనవాళ్లు ఎక్కువగా ఉండే సన్నీవేల్, మిల్పిటాస్, ఫ్రీమాంట్ కుళాయిల్లోకీ కొంత వాటా వెళుతుంది. డ్యామ్ తీసేసి లోయని మళ్లీ బయటపెట్టాలని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2012లో దాని మీద ప్లాన్ తయారు చేయాలా వద్దా అని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓటింగ్ పెడితే, నాలుగింట మూడొంతుల మందికి పైగా వద్దన్నారు.